నడిచే పాదానికి ఏది ఆసరా?

విశాఖపట్నం ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్ళ కాళ్ళకేసి చూస్తే నడకకు కాళ్ళకేం వేసుకోవాలన్న విషయంలో ఊరంతా మూడుగా చీలినట్టు కనిపిస్తుంది. వేలకు వేలు పోసి కొన్న బూట్లు కొందరివి. అరిగిన హవాయి చెప్పులు కొందరివి. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలోకి దిగేవాళ్ళు ఇంకొందరు. ఈ సంవాదంలో మాట్లాడేవాళ్ళు ఇద్దరు. ఒకరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మేష్టారు. రెండోవారు ఆయన దగ్గర చదువుకుని ఎముకలు, కీళ్ళ డాక్టరైన అమ్మాయి. మేష్టారి భార్యకు మోకాళ్ళ నొప్పులు. రోజూ నడవమని, నడవడానికి మంచి బూట్లు కొనమని డాక్టరమ్మ చెప్పింది. మేష్టారికి మొదటి మాట నచ్చింది, రెండోది నచ్చలేదు.

మేష్టారు: నడవమన్నావు, బాగుంది. బూట్లెందుకమ్మా? ఒక్క పాదంలోనే 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. వాటిని కదిలించే కండరాలు, కట్టిపట్టే పట్టీలు కలిపి వందకు పైమాటే. ఇంత సరంజామా ఉన్న పాదానికి మళ్ళీ బయటి ఆసరా దేనికి? మా నాన్న శ్రీకాకుళం దగ్గర పల్లెలో బతికినంత కాలం ఉత్తికాళ్ళతోనే పొలానికెళ్ళాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా 42 కిలోమీటర్ల మారథాన్ మొత్తం బూట్లు లేకుండా పరుగెత్తి బంగారు పతకం కొట్టాడు.

డాక్టరమ్మ: అదే బికిలా 1964లో టోక్యోలో బూట్లేసుకుని పరుగెత్తాడు మేష్టారూ. అప్పుడూ గెలిచాడు. రోమ్‌లో కన్నా మూడు నిమిషాలు ముందే ముగించాడు. దీన్నిబట్టి బూట్లే గెలిపించాయని నేననను. ఉత్తికాళ్ళు గెలిపించాయని మీరూ అనకూడదు. అతని పాదాలు చిన్నప్పటి నుంచీ ఆ పనికి అలవాటుపడ్డవి. మీ నాన్నగారివీ అంతే. ఆయన నడిచింది గట్ల మీద, దుక్కిలో, తడి మట్టిలో. అడుగు వేసిన చోటల్లా నేల కొంచెం లొంగేది, ఒక్కో అడుగు ఒక్కో రకంగా పడేది. అమ్మగారు అరవై దాటాక ఇప్పుడు మొదలుపెడుతున్నారు. నడిచేది సిమెంటు మీద, పలకల మీద. అదే గట్టి నేల మీద, అదే తీరున, రోజుకు వేల అడుగులు. ఇంకో సంగతి కూడా ఉంది. కొంకిపురుగు అరికాలి చర్మం గుండానే ఒంట్లోకి దూరుతుంది. ఆ పురుగు వల్ల రక్తహీనతతో పాలిపోయిన పల్లెలు మన దగ్గర ఎన్నో ఉండేవి. ఆ రోజుల్ని తలుచుకునేటప్పుడు దాన్నీ తలుచుకోవాలి.

మేష్టారు: ఒప్పుకుంటాను. పాత రోజులు వదిలేద్దాం, లెక్కలోకి వద్దాం. షికాగోలో రష్ యూనివర్సిటీ వాళ్ళు 2006లో మోకాళ్ళు అరిగినవాళ్ళని నడిపించి కొలిచారు. మామూలుగా వేసుకునే బూట్లతో నడిచినప్పటి కన్నా ఉత్తికాళ్ళతో నడిచినప్పుడు మోకాలి మీద భారం సుమారు 12 శాతం తగ్గింది. నొప్పి మోకాలిలో ఉన్న మనిషికి భారం పెంచే వస్తువు కొనమంటావా?

డాక్టరమ్మ: ఆ పరిశోధన నిజమే. మా డాక్టర్లలోనూ చాలామంది అది చదివాక పల్చటి సోలున్న, ఎటు వంచితే అటు వంగే బూట్లే మోకాళ్ళకు మేలనుకున్నారు. అయితే షికాగోవాళ్ళు కొలిచింది భారాన్ని. పేషంటు నా దగ్గరికి వచ్చేది నొప్పితో. ఆ నొప్పి సంగతి తేల్చడానికి మెల్‌బోర్న్ యూనివర్సిటీవాళ్ళు మోకాలి అరుగుదల ఉన్న 164 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పల్చటి, మెత్తగా వంగే బూట్లు. రెండో జట్టుకు మడమను గట్టిగా పట్టుకుని, పాదం నడుమ వంగకుండా ఆసరా ఇచ్చే బూట్లు. ఆరు నెలలు వాడించారు. ఫలితాలు 2021లో వచ్చాయి. నడిచేటప్పటి నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గింది ఆసరా బూట్లవాళ్ళలో నూటికి 58 మందికి, పల్చటి బూట్లవాళ్ళలో 40 మందికి. కొత్తగా పాదం నొప్పి, మడమ నొప్పి లాంటివి వచ్చింది కూడా పల్చటి జట్టులోనే ఎక్కువ.

మేష్టారు: పల్చటివాటితోనూ నలభై మందికి తగ్గిందిగా! నీ బూట్లతో నలభై రెండు మందికి తగ్గలేదుగా!

డాక్టరమ్మ: తగ్గలేదు. అందుకే బూట్లు మందని నేను చెప్పలేదు. అమ్మగారు బరువు తగ్గాలి, తొడ కండరాల వ్యాయామం చెయ్యాలి, నడక మానకూడదు. ఆ నడక మానకుండా ఉండటానికి పనికొచ్చే వస్తువు బూటు. చాలామంది నడక ఎందుకు మానేస్తారో నేను రోజూ చూస్తున్నాను. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు నొప్పి. మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. అరిగిన చెప్పులతో గట్టి నేల మీద ఒక్కసారిగా నడక పెంచితే అది వాస్తుంది. నెలల తరబడి తగ్గదు. ఇక ఆ మనిషి మళ్ళీ కుర్చీకే అతుక్కుపోతాడు.

మేష్టారు: ఇప్పుడు నా అసలు అభ్యంతరం చెబుతాను. ఈ ఆసరా అనే మాటను అడ్డం పెట్టుకుని కంపెనీలు జనాన్ని భయపెట్టి అమ్ముకుంటున్నాయి. సోలు కింద గుండ్రంగా ఉండే షేప్-అప్స్ అనే బూట్లు వేసుకుంటే బరువు తగ్గుతారని, కండలు బిగుస్తాయని ప్రచారం చేసినందుకు స్కెచర్స్ కంపెనీ 2012లో అమెరికాలో 4 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకోవలసి వచ్చింది.

డాక్టరమ్మ: మీవైపువాళ్ళూ తక్కువ తినలేదు మేష్టారూ. ఉత్తికాళ్ళ అనుభూతినిస్తాయని వేళ్ళ తొడుగుల్లాంటి బూట్లు అమ్మిన వైబ్రమ్ కంపెనీ, వాటివల్ల దెబ్బలు తగ్గుతాయని, పాదాలు బలపడతాయని రుజువు లేకుండా చెప్పిందన్న కేసులో 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీపడింది. మందం సోలువాడూ, పల్చటి సోలువాడూ ఇద్దరూ వ్యాపారులే. ప్రకటన చూసి కొనద్దని నేనూ మీతో గొంతు కలుపుతాను.

మేష్టారు: షాపులవాళ్ళ సంగతో? అద్దం మీద నిలబెట్టి పాదం ముద్ర తీసి, మీది చదును పాదం, మీకీ మోడలే అంటారు. అమెరికా సైన్యం వేలమంది రంగరూట్లకు సరిగ్గా ఇలాగే పాదం వంపును బట్టి బూట్లిచ్చి చూసింది. దెబ్బలు తగ్గలేదు. అంటే ఆ శాస్త్రమంతా ఉత్తిదేగా!

డాక్టరమ్మ: ఆ పద్ధతి నిలబడలేదు. పాదం ముద్ర చూసి బూటు నిర్ణయించడం నేనూ మానేశాను. పాదం పూర్తిగా వంకర తిరిగినవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు వేరు, వాళ్ళు డాక్టరుకు చూపించుకోవాలి. మిగతావాళ్ళకు రెండే కొలమానాలు. ఒకటి, షాపులో వేసుకుని నడిచినప్పుడు అక్కడికక్కడే హాయిగా ఉండాలి. వాడగా వాడగా సర్దుకుంటుందనే మాట నమ్మకూడదు. రెండు, బూటు కట్టుదిట్టంగా ఉందా లేదా అన్నది చేత్తో చూసుకోవాలి.

మేష్టారు: చేత్తో ఎలా చూస్తారు? నేను ఫిజిక్సువాణ్ణి. చూపిస్తే ఒప్పుకుంటాను.

డాక్టరమ్మ: ఇదిగో, నా బూటే పట్టుకోండి. ముందు వెనకవైపు, మడమను చుట్టి ఉండే గోడను బొటనవేలితో నొక్కండి. మెత్తగా కూలిపోతే మడమ లోపల అటూ ఇటూ జారుతుంది. ఇది నొక్కినా నిలబడింది చూశారా. ఇప్పుడు ముందు అంచూ వెనక అంచూ పట్టుకుని వంచండి. ఎక్కడ వంగింది?

మేష్టారు: వేళ్ళ మొదట్లో.

డాక్టరమ్మ: మన పాదం వంగేదీ అక్కడే. సరిగ్గా నడిమికి వంగే బూటు పాదం వంపుకు ఆసరా ఇవ్వదు. అసలు వంగని బూటు నడవనివ్వదు. ఇక తడిబట్ట పిండినట్టు మెలిపెట్టండి. కొంచెం తిరిగి ఆగిపోవాలి. పూర్తిగా మెలి తిరిగితే అది నడకకు కాదు. ఇంకోటి చూడండి, లేసు రంధ్రాల వరసలో చివర, చీలమండ దగ్గర, కాస్త పక్కకు జరిగి అదనంగా ఒక రంధ్రం ఉంది. చాలామంది దాన్ని ఎందుకుందో తెలియక వదిలేస్తారు. లేసును బయటినుంచి ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా ఉంచాలి. రెండోవైపూ అంతే. ఈ లేసు కొన ఆ ఉచ్చులోంచి, ఆ లేసు కొన ఈ ఉచ్చులోంచి తీసి బిగిస్తే మడమ కదలదు. దిగుడులో వేళ్ళు వెళ్ళి ముందు గోడకు కొట్టుకోవు. గోళ్ళు నల్లబడేది ఆ కొట్టుకోవడం వల్లే.

మేష్టారు: మా అబ్బాయి డాలస్ నుంచి వాళ్ళమ్మకు ఒక జత తెచ్చాడు. వారం వేసుకుంది. బొటనవేలి గోరు నల్లబడిపోయింది. బీరువాలో పెట్టేసింది.

డాక్టరమ్మ: ఫోన్‌లో సైజు నంబరు అడిగి ఉంటాడు. మన దగ్గర బూట్ల మీద ఉండేది ఎక్కువగా బ్రిటిష్ సైజు. అమెరికా సైజు వేరు. మగవాళ్ళ బూట్లలో అక్కడి 9 ఇక్కడి 8కి దగ్గర. ఆడవాళ్ళవాటిలో తేడా ఇంకా ఎక్కువ. నంబరు కుదిరినా వెడల్పు కుదరదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. యూరప్, అమెరికావాళ్ళ కన్నా మన పాదాలు వెడల్పని తేలింది. అందుకే ‘భ’ అనే పేరుతో భారతీయ సైజుల పద్ధతి ప్రతిపాదించారు. ఇప్పటిదాకా మనం చేస్తున్నదేమిటి? వెడల్పు చాలక, ఒక నంబరు పెద్దది కొంటున్నాం. అప్పుడు పొడవు ఎక్కువై మడమ జారుతుంది, బొబ్బలు లేస్తాయి. లేదా బిగుతుగానే వేసుకుంటాం. చిటికెన వేలి మీద ఆనెకాయ వస్తుంది, బొటనవేలి కీలు పక్కకు పొడుచుకొస్తుంది.

మేష్టారు: వెడల్పు సరిపోయిందో లేదో కనిపెట్టేదెలా?

డాక్టరమ్మ: బూటులోంచి లోపలి అట్టను, అదే ఇన్‌సోల్‌ను, బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడాలి. చిటికెన వేలు గాని, బొటనవేలి పక్క ఎముక గాని అంచు దాటి బయటికొస్తే ఆ బూటు ఇరుకు. అన్నిటికన్నా పొడుగు వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి రెండో వేలే పొడుగు, అది చూసుకోవాలి. రెండు పాదాల్లో ఒకటి కాస్త పెద్దదిగా ఉంటుంది, దానికి సరిపోయేది తీసుకోవాలి. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం వెళ్ళాలి. నడకకు వేసుకునే మేజోళ్ళతోనే చూడాలి. వయసుతో పాదం వెడల్పవుతుంది, పదేళ్ళ కిందటి నంబరు చెప్పకూడదు.

మేష్టారు: ఇంకో వింత. ఆ బీరువాలో జత మొన్న తీస్తే సోలు అటుకుల్లా రాలిపోయింది. సరిగ్గా వాడనైనా లేదు.

డాక్టరమ్మ: కొన్ని సోళ్ళలో పాలీయురెథేన్ వాడతారు. గాలిలో తేమ ఆ పదార్థాన్ని లోపల్లోపలే విడగొడుతుంది. మన సముద్రపు ఊరి తేమలో ఇంకా త్వరగా. మంచి బూట్లని దాచుకుంటే వచ్చేదేమీ లేదు, వాడాలి.

మేష్టారు: వాడితే అరుగుతాయి! 500 నుంచి 800 కిలోమీటర్లకు మార్చమంటారు. రోజుకు 4 కిలోమీటర్లంటే 125 రోజుల నుంచి 200 రోజులు. ఏడాదికి రెండు, మూడు జతలు. పెన్షన్‌లో బతికేవాడికి ఇది భారం కాదా?

డాక్టరమ్మ: ఆ లెక్క పరుగు బూట్లది. పరుగులో ఒక్కో అడుగుకూ ఒంటి బరువుకు రెండు, మూడు రెట్లు పడుతుంది. నడకలో బరువుకు కొంచెం ఎక్కువ, అంతే. అందుకని నడక బూట్లకు కిలోమీటర్లు కాదు, గుర్తులు చూడాలి. బల్ల మీద పెట్టి వెనకనుంచి చూస్తే ఒకవైపుకు ఒరిగిందా? సోలు పక్కన ఫోమ్‌లో ముడతలు పడి నొక్కుకుపోయిందా? అడుగున గీతలు నున్నగా అయిపోయాయా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మార్చాలి. రెండు జతలు మార్చి మార్చి వాడితే చెమట ఆరి ఎక్కువ కాలం నిలుస్తాయి. ఖరీదుకూ మేలుకూ నేరుగా సంబంధం లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు జతకు జీఎస్టీ 5 శాతమే, అది దాటితే 18. 2,500 లోపు ధరలో ఐఎస్ఐ గుర్తున్న బూట్లను ఇప్పుడు చూపించినట్టు నొక్కి, వంచి, మెలిపెట్టి చూడండి. నిలబడే జత దొరుకుతుంది.

మేష్టారు: మెత్తటిదే తీసుకోవాలి కదా? షాపులో దూదిలా ఉందంటే ఎగబడతారు.

డాక్టరమ్మ: అరవై దాటినవాళ్ళు అదే చెయ్యకూడదు. మరీ మందంగా, మరీ మెత్తగా ఉన్న సోలు మీద నేల ఎటు వాలిందో పాదానికి తెలియదు, తూలు వస్తుంది. ఈ విషయంలో మీ వాదనలో బలముంది. పాదానికి నేల తెలియాలి. గట్టిదనం, మెత్తదనం నడుమ ఉన్నదే మేలు.

మేష్టారు: నేల తెలియడం గురించే ఇంకో మాట. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. లక్షలమంది ఉత్తికాళ్ళతో నడుస్తారు. అలిపిరి మెట్లు 3,550. అక్కడా అంతే. అయ్యప్ప మాల వేసుకుంటే మండలం రోజులు చెప్పులే లేవు. వాళ్ళందరి పాదాలూ పాడైపోయాయా? భక్తిని నీ బూట్ల లెక్కతో కొలవకమ్మా.

డాక్టరమ్మ: భక్తిని కొలవను మేష్టారూ. ఆరోగ్యమైన పాదాలున్నవాళ్ళు మొక్కు తీర్చుకోవాలి. నా భయం షుగర్ ఉన్నవాళ్ళ గురించి. షుగర్ ఏళ్ళ తరబడి ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. ఎండకు కాలిన తారురోడ్డు కాలినట్టు తెలియదు. మేకు దిగినా తెలియదు. ప్రదక్షిణ ముగించి ఇంటికొచ్చి, తెల్లారి దుప్పటికి అంటిన రక్తం చూసి మా దగ్గరికి వస్తారు. అప్పటికే పుండు పడి ఉంటుంది. ఆ పుండు మానకపోతే వేలు తీసేయాలి, ఒక్కోసారి కాలే తీసేయాలి.

మేష్టారు: నొప్పి తెలియకపోవడమే అంత ప్రమాదమా?

డాక్టరమ్మ: ఆ సంగతి ప్రపంచానికి మన దక్షిణాది నుంచే తెలిసింది. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులు, కాళ్ళు చూశారు. ఆ రోగం వస్తే మాంసం దానంతటదే కుళ్ళి రాలిపోతుందని అప్పట్లో జనం నమ్మేవారు. బ్రాండ్ గమనించింది వేరు. రోగం నరాల్ని చంపుతోంది. నొప్పి తెలియక మనిషే తన కాలిని రోజూ గాయపరుచుకుంటున్నాడు. గాయం కాకుండా కాపాడితే కాలు నిలుస్తోంది. అందుకని సన్నటి గాలి బుడగలతో నిండిన రబ్బరుతో చెప్పులు చేయించి ఇచ్చారు. ఇవాళ మన ఊళ్ళలో షుగర్ పేషంట్లకు రాసే ఎంసీఆర్ చెప్పులు ఆ రబ్బరువే. బూటు ఆసరాగా పనిచేయడం అంటే ఏమిటో నాకు అర్థమైంది వాటిని చూశాకే. ఆ చెప్పులు పాదానికి అందమూ ఇవ్వవు, వేగమూ ఇవ్వవు. కాలును మిగులుస్తాయి.

మేష్టారు: మరి అలాంటివాళ్ళు మొక్కు మానుకోవాలా?

డాక్టరమ్మ: వెళ్ళే ముందు పరీక్ష చేయించుకోవాలి. పది గ్రాముల ఒత్తిడిచ్చే నైలాన్ దారం ఒకటి ఉంటుంది. దాన్ని అరికాలి మీద అక్కడక్కడా తాకిస్తాం. తాకినట్టు తెలియకపోతే ఆ మనిషి ఇంట్లో కూడా ఉత్తికాళ్ళతో తిరగకూడదు. వేసుకునే ముందు బూటులో చెయ్యిపెట్టి రాయి గాని, ముడత గాని ఉందేమో తడుముకోవాలి. రోజూ రాత్రి అద్దం కింద పెట్టి అరికాళ్ళు చూసుకోవాలి. స్వామి తన భక్తుడి కాలు పోవాలని కోరుకోడని నా నమ్మకం.

మేష్టారు: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. షుగర్ ఉన్నవాడి విషయంలో ఉత్తికాళ్ళ వాదన వదులుకుంటున్నాను. నా విషయంలో మాత్రం వదలను. నాకు షుగర్ లేదు, మోకాళ్ళు బాగున్నాయి. తడి ఇసుక మీద ఉత్తికాళ్ళ నడక నేను మానను.

డాక్టరమ్మ: మానద్దు. గాజు ముక్కలు చూసుకుని నడవండి. ఇసుకలో వేళ్ళు విచ్చుకుంటాయి, పాదంలోని చిన్న కండరాలు పనిచేస్తాయి. ఆసరా ఎంత మంచిదైనా, రోజంతా బూట్లలోనే ఉన్న పాదం బలహీనపడుతుంది. అందుకే అమ్మగారిని కూడా ఇంట్లో కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమన్నాను, నేల మీద తువ్వాలును కాలివేళ్ళతో దగ్గరికి లాక్కోమన్నాను. నాకు పడనిది ఒక్కటే. ఇసుకకు రావడానికి ముందూ, తిరిగి వెళ్ళేటప్పుడూ ఈ సిమెంటు మీద మీరు హవాయి చెప్పులతో వేగంగా నడవడం. అవి జారిపోకుండా ప్రతి అడుగుకూ వేళ్ళు బిగబట్టి పట్టుకుంటున్నారు. అడుగు చిన్నదవుతోంది. అవి గుమ్మం దాకా వెళ్ళిరావడానికి చేసిన చెప్పులు. నాలుగు కిలోమీటర్ల నడకకు కావు.

మేష్టారు: ఇసుక నాది, సిమెంటు నీది. అలా పంచుకుందాం. మీ అమ్మగారిని ఆదివారం సాయంత్రం షాపుకు తీసుకెళ్తాను. నొక్కి, వంచి, మెలిపెట్టి, అట్ట మీద నిలబెట్టి మరీ కొంటాను.

వీళ్ళిద్దరి వాదన వింటే ఒక్కటి ఖాయంగా తేలుతోంది. పాదాన్ని చూసి బూటు కొనాలి, బూటును చూసి పాదాన్ని అందులో ఇరికించకూడదు. ఇంట్లో అమ్మానాన్నలకు నడక బూట్లు కొందామనుకునే కొడుకులకూ కూతుళ్ళకూ నా విన్నపం ఇదే. అమెరికాలో ఉన్నా, అమలాపురంలో ఉన్నా, నంబరు అడిగి పార్సెల్ పంపకండి. వచ్చినప్పుడు వాళ్ళను వెంటబెట్టుకుని ఒక సాయంత్రం షాపుకు వెళ్ళండి. వాళ్ళు వేసుకుని నాలుగు వైపులా నడిచి, బాగుందని వాళ్ళ నోటితో చెప్పిన జతకే డబ్బు కట్టండి.